ద్వీపాంతరవాసం, నిరీక్షణ: 1857 సమరానంతరం విడిపోయిన దంపతులు

మద్రాసు నుండి గుంతకల్లు, రాయచూరుల మీదుగా బొంబాయికి పోయే పాత రైలుదారిలో, కడప దాటిన తరువాత వచ్చే స్టేషన్లలో ఎర్రగుంట్ల ఒకటి. నాపరాయికీ, సిమెంటుకూ పేరొందిన ఈ ఊరి చుట్టుపట్ల నేల వానకు మొగం వాచినది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఇల్లు విడవడం ఈ ప్రాంతంలో కొత్త సంగతి కాదు. 1970ల తరువాత కడప జిల్లా నుండి వేలాదిమంది కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఆ తొలి దశాబ్దాలలో వారికి బొంబాయే ప్రధాన ద్వారం. వెళ్లినవారిలో పురుషులూ ఉన్నారు, స్త్రీలూ ఉన్నారు. వారితోపాటే ఇక్కడి ముస్లిం గృహాలలో ఒక ప్రశ్న కూడా పుట్టింది. భర్త ఏళ్ల తరబడి సముద్రానికి ఆవల ఉండిపోతే, రావడమూ లేక, ఖర్చులకు పంపడమూ లేక, తలాఖ్ ఇవ్వడమూ లేకపోతే, ఆ భార్య గతి ఏమిటి? ఓర్పు వహించమని చెప్పడంతో పెద్దల బాధ్యత తీరిపోతుందా?

ఈ ప్రశ్న గల్ఫ్ ప్రయాణాలతో మొదలైనది కాదు. 1857 స్వాతంత్ర్య సమరం అణగారిన తరువాత మన దేశంలో వేలాది గృహాలు దీనినే ఎదుర్కొన్నాయి. అయితే ఆనాడు ఇల్లు విడిచినవారు తమంతట తాము విడిచినవారు కారు. వారిని ఓడలెక్కించి పంపింది పరాయి ప్రభుత్వం. ఆ ప్రవాసుల ధైర్యసాహసాలను గురించి ఎంతో రాశారు. వారి వెనుక మిగిలిపోయిన దాంపత్యాల గురించి రాసింది తక్కువ. ఆ కథను తెలుసుకొంటే నేటి ప్రశ్నకు కూడా కొంత వెలుగు దొరుకుతుంది.

దక్షిణాది నుండి వెళ్లినవారు

రాయలసీమకు ప్రవాసశిక్ష 1857 కంటే ముందే పరిచయం. నిజాం 1800లో ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగుచేశారన్న అభియోగంపై 1839లో కంపెనీ సేన కర్నూలుపైకి వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 18న జోహరాపురం దగ్గర జరిగిన పోరాటంతో నవాబుల పాలన ముగిసింది. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి సంవత్సరమే ఆయన అక్కడ హత్యకు గురయ్యారు. ఆయన తిరిగి తన కోటను చూడలేదు.

1857లో ఉత్తరాది మండుతున్నప్పుడు కడప దండు కూడా పూర్తి నిశ్శబ్దంగా లేదు. అక్కడి సిపాయిలను కంపెనీకి వ్యతిరేకంగా ప్రేరేపిస్తున్నాడన్న ఆరోపణపై ఆ సంవత్సరం ఆగస్టులో షేక్ పీర్ షా అనే వ్యక్తిని నిర్బంధించారు. అంతకు ముందే, జూలై 17వ తేదీ శుక్రవారం నాడు, హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వాన రొహిల్లాలూ పట్టణ ప్రజలూ బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేశారు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. పట్టుబడిన తుర్రెబాజ్ ఖాన్ చెర తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రాన్ ప్రాంతంలో కాల్పులకు బలి అయ్యారు. బెంగుళూరు వైపు వెళ్లి తలదాచుకొన్న మౌల్వీ అలావుద్దీన్ కూడా చివరకు పట్టుబడ్డారు. 1859లో యావజ్జీవ ద్వీపాంతరశిక్ష పొంది అండమాన్ చేరారు. ఆ ద్వీపంలోనే ఆయన జీవితం ముగిసింది.

ఇద్దరు నాయకులలో ఒకరికి మరణం, మరొకరికి ద్వీపం. మరణించినవాని భార్యకు ధర్మశాస్త్రం స్పష్టమైన దారి చూపింది. నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ గడిపి, వారసత్వంలో తన వాటా తీసుకొని, ఆమె కోరితే మళ్లీ వివాహం చేసుకోవచ్చు. ద్వీపాంతరం వెళ్లినవాని భార్యకు ఆ స్పష్టత లేదు. ఆమె వితంతువు కాదు, విడాకులు పొందినదీ కాదు. భర్త బతికి ఉన్నాడు, కాని ఆమెకు లేడు. తీర్పుపత్రంలో ఒక్క మనిషి పేరే ఉంటుంది. శిక్ష మాత్రం ఇల్లంతా అనుభవిస్తుంది.

కాలాపానీ

1858 మార్చి 10వ తేదీన రెండు వందల మంది ఖైదీలతో మొదటి ఓడ అండమాన్ చేరింది. డాక్టర్ వాకర్ ఆ శిక్షాస్థావరానికి తొలి అధికారి. అడవి నరకడం, చిత్తడినేలలు పూడ్చడం, జ్వరాలతో చావడం, ఇవి ఆ తొలినాటి ఖైదీల దినచర్య. తప్పించుకోజూసి పట్టుబడినవారిని ఉరితీశారు. సముద్రం దాటించడంలో ప్రభుత్వం కోరుకొన్నది కేవలం దూరం కాదు. మనిషిని అతని ఊరి నుండి, బంధువర్గం నుండి, ఇంటి నుండి తెంచివేయడమే ఆ శిక్షలోని ప్రధానాంశం.

ఈ ద్వీపానికి చేరినవారిలో ఆనాటి మహావిద్వాంసులు కూడా ఉన్నారు. తర్కశాస్త్రంలో సాటిలేనివారని పేరొందిన మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1859లో అక్కడికి చేరి, 1861లో అక్కడే మరణించారు. ఆయన అరబీలో రచించిన ‘అస్సౌరతుల్ హిందియ్యా’ ఆ సమరానికి ఒక ఖైదీ ఇచ్చిన సాక్ష్యం. విడుదలై తిరిగి వెళ్లిన ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోర్వీ ద్వారా ఆ రచన ఆయన కుమారునికి చేరిందని చెబుతారు. ఆ విధంగా తండ్రి నుండి ఇంటికి తిరిగి వచ్చింది ఆయన రాసిన అక్షరం మాత్రమే.

కొంతకాలం గడిచాక ప్రభుత్వ ధోరణి మారింది. ద్వీపం నిలవాలంటే అక్కడ సంసారాలు ఉండాలని అధికారులు గ్రహించారు. నిర్ణీత కాలం మంచి నడవడితో గడిపిన ఖైదీకి సొంతంగా సాగుచేసుకొని బతికే అనుమతి ఇచ్చారు. దేశంలోని జైళ్ల నుండి స్త్రీ ఖైదీలను రప్పించి, ఇటువంటి ఖైదీలతో వివాహాలు జరిపించారు. అంటే ఒక కాపురాన్ని తెంచిన ప్రభుత్వమే మరొక కాపురానికి అనుమతిపత్రం ఇచ్చింది. ఆ కొత్త కాపురాలలోనూ నిజమైన ప్రేమ పుట్టి ఉండవచ్చు. ఒకే కష్టం అనుభవించే ఇద్దరు మనుషుల నడుమ అల్లాహ్ మమతను కలిగించడం ఆశ్చర్యం కాదు. అయినా, మొదటి ఇంటి దీపం అవతలి ఒడ్డున వెలుగుతూనే ఉందన్న సంగతి మరవరాదు.

రంగూన్, ఖాట్మండు

రాజకుటుంబాల కథ కూడా ఇంతే. మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌పై 1858 జనవరి నుండి మార్చి వరకు విచారణ జరిపి, ఆయనకు దేశబహిష్కారం విధించారు. ఆ సంవత్సరం అక్టోబరు 7న తెల్లవారకముందే ఆయనను ఢిల్లీ నుండి బయలుదేరదీశారు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. వెంట ఉన్న పరివారంలో కొందరు అలహాబాదు నుండి వెనుదిరిగారు. ఆయన భార్యలలో ఒకరైన తాజ్ మహల్ బేగం కూడా వారిలో ఉన్నారు. 1840లో ఆయనను వివాహమాడిన జీనత్ మహల్ మాత్రం వెంట నడిచారు.

జీనత్ మహల్ రాజకీయాలపై చరిత్రకారుల విమర్శలు ఉన్నాయి. తన కుమారుడు జవాన్ బఖ్త్‌ను వారసునిగా చేయాలన్న పట్టుదల, ముట్టడి రోజులలో ఆంగ్లేయులతో జరిపిన మంతనాలు ఆమెకు గౌరవం తెచ్చే సంగతులు కావు. అయితే అలహాబాదులో ఇంకొకరు తీసుకొన్న దారిని ఆమె తీసుకోలేదన్నది కూడా అంతే నిజం. సింహాసనం లేదు, దర్బారు లేదు. ముందున్నది ముసలి భర్త, రంగూన్‌లో కావలివాళ్ల మధ్య ఒక చిన్న నివాసం. 1862 నవంబరు 7న జఫర్ మరణించారు. ఆయన సమాధిని గుర్తులేకుండా చదును చేయించారు. ఆ తరువాత దాదాపు ఇరవైనాలుగు సంవత్సరాలు జీనత్ మహల్ రంగూన్‌లోనే బతికి, 1886లో అక్కడే కన్నుమూశారు. ఢిల్లీని ఆమె మళ్లీ చూడలేదు. 1991లో అక్కడి తవ్వకంలో జఫర్ అసలు సమాధి బయటపడింది.

అవధ్ కథ దీనికి భిన్నం. 1856లో రాజ్యం కోల్పోయిన వాజిద్ అలీ షా కలకత్తా సమీపాన మటియాబుర్జ్‌లో స్థిరపడ్డారు. లక్నోలో జెండా ఎత్తినవారు ఆయన మాజీ భార్య బేగం హజ్రత్ మహల్. రాజ్యం పోకముందే వారి వివాహబంధం తెగిపోయింది. అయినా ఆయన వారసత్వాన్ని నిలపడానికి తమ కుమారుడు బిర్జిస్ ఖద్ర్‌ను సింహాసనంపై కూర్చోబెట్టి, పోరాటాన్ని నడిపినవారు ఆమె. ఓటమి తరువాత నేపాల్ చేరి, 1879లో ఖాట్మండులో మరణించారు. ఒకరు గంగ ఒడ్డున, ఒకరు హిమాలయాల నీడన. ఇద్దరిదీ ప్రవాసమే.

జీనత్ మహల్ వెంట వెళ్లగలిగారు, ఎందుకంటే చక్రవర్తి భార్యకు వెళ్లే వీలు కల్పించారు. తమ భర్తలు ఏ ఓడలో వెళ్లారో కూడా తెలియని సామాన్య సిపాయిల భార్యలకు ఆ ఎంపికే లేదు.

ఒక ఖైదీ రెండు గృహాలు

ఈ విషయంలో మౌల్వీ ముహమ్మద్ జాఫర్ థానేసరీ జీవితం ఒక పాఠం వంటిది. సరిహద్దు ముజాహిదులకు ధనసహాయం అందించారన్న నేరంపై 1864లో అంబాలా విచారణలో ఆయనకు మొదట ఉరిశిక్ష పడింది. ఆయనా, సహచరులూ ఆ తీర్పును సంతోషంతో స్వీకరించారనీ, వారు కోరుకొన్న షహాదత్ వారికి దక్కరాదని ప్రభుత్వం ఉరిని ద్వీపాంతరంగా మార్చిందనీ ఆయనే రాసుకొన్నారు. 1866 జనవరిలో పోర్ట్ బ్లెయిర్ చేరారు. 1883లో విడుదలయ్యారు. ‘కాలాపానీ’ పేరుతో ప్రసిద్ధమైన ఆయన ఆత్మకథ ఉర్దూలో ఈ అనుభవానికి ముఖ్యమైన ఆధారం.

అరెస్టయ్యేనాటికి ఆయనకు ఇంటి దగ్గర తల్లి, భార్య, బిడ్డలు ఉన్నారు. ద్వీపంలో ఆయన మొదట ఒక కాశ్మీరీ స్త్రీని వివాహమాడారు. ఆమె మరణించాక, ఇస్లాం స్వీకరించిన అల్మోడా ప్రాంతపు స్త్రీని నికాహ్ చేసుకొన్నారు. విడుదలైనప్పుడు ఆ భార్యాబిడ్డలతో కలిసి దేశానికి తిరిగివచ్చారు.

ఇందులో ఆయనను నిందించవలసినది లేదు. తాను ఎన్నడైనా తిరిగి వెళ్తానన్న ఆశ లేని ఖైదీ, ధర్మబద్ధమైన వివాహంతో తన నడవడిని కాపాడుకొన్నారు. షరీఅత్ ఆయనకు ఆ వీలు ఇచ్చింది. కాని ఈ కథలోని రెండవ పార్శ్వాన్ని కూడా చూడాలి. ద్వీపంలో ఉన్న భర్తకు మరొక నికాహ్‌కు దారి తెరిచి ఉంది. ఊరిలో ఉన్న భార్యకు ఆ దారి మూసి ఉంది. పద్దెనిమిదేళ్లు గడిచినా ఆమె నికాహ్ నికాహే. ఆనాటి భారతదేశంలో అమలులో ఉన్న ఫిఖ్హ్ ప్రకారం ఆమెకు ఏ ఉపశమనం ఉండేది? ఇదే అసలు విచారించవలసిన విషయం.

ధర్మశాస్త్రం ఏమి చెప్పింది?

అన్నిసా అధ్యాయం 129వ వాక్యంలో దివ్య ఖుర్‌ఆన్ బహుభార్యల విషయం చెబుతూ, ఒక భార్యను వేలాడదీసినట్లుగా విడిచిపెట్టవద్దని పురుషులను హెచ్చరించింది. సంసారమూ లేక, స్వేచ్ఛా లేక నడుమ వేలాడే స్త్రీని ముఅల్లఖ అని పిలవడం ఇందుమూలంగానే. అల్‌బఖరా అధ్యాయంలో, భార్యతో కలవనని ప్రమాణం చేసిన భర్తకు నాలుగు నెలల గడువే విధించబడింది. ఆ గడువు తీరేలోగా అతడు భార్య దగ్గరకు మరలాలి, లేదా ఆమెను విడవాలి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో జరిగిన ఒక సంఘటన ప్రసిద్ధమైనది. రాత్రివేళ మదీనాలో గస్తీ తిరుగుతూ, యుద్ధానికి వెళ్లిన భర్తను తలచుకొని ఒక స్త్రీ పాడుకొంటున్న విరహగీతం ఆయన విన్నారు. మరునాడు ఆయన ఆ స్త్రీని మందలించలేదు, ఓర్పును గురించి ఉపన్యసించనూ లేదు. తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్లి, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాలు, ఆరు నెలలని మరికొన్ని చెబుతున్నాయి. అంతకుమించి ఏ సైనికుణ్ణీ ఇంటికి దూరంగా ఉంచవద్దని ఖలీఫా సేనానులకు ఉత్తరువులు పంపారు. విరహాన్ని ఆయన ఆ స్త్రీ బలహీనతగా చూడలేదు, రాజ్యం తీర్చవలసిన హక్కుగా చూశారు.

భర్త ఆచూకీయే తెలియని స్త్రీ విషయంలో ఆయన ఇచ్చిన తీర్పు ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో నమోదైంది. ఆమె నాలుగు సంవత్సరాలు ఎదురుచూసి, ఆపై ఇద్దత్ గడిపి, స్వతంత్రురాలవుతుంది. హనఫీ పండితులు హజ్రత్ అలీ (రజి) నుండి వచ్చిన అభిప్రాయాన్ని ఆధారం చేసుకొని, భర్త మరణవార్త నిర్ధారణ అయ్యేదాకా, లేదా అతని ఈడువారు మరణించే వయస్సు దాటేదాకా ఆమె వేచి ఉండాలన్నారు. ఆ వయస్సును కొందరు తొంభై ఏళ్లుగా లెక్కించారు. ఇక భర్త బతికి ఉన్నాడని తెలిసీ అతడు రాలేని స్థితిలో ఉంటే, హనఫీ విధానంలో వివాహాన్ని రద్దుచేయించుకొనే దారి స్త్రీకి దాదాపు లేదు. భర్త స్వయంగా తలాఖ్ రాసి పంపాలి, లేదా నికాహ్‌నాడే ఆ అధికారాన్ని ఆమెకు అప్పగించి ఉండాలి.

హనఫీ ఇమాములు కఠినహృదయులై ఇలా చెప్పలేదు. నికాహ్‌ను నిశ్చయమైన ఆధారం లేకుండా తెంచరాదన్న జాగ్రత్తయే వారి ఉద్దేశం. కాని ప్రభుత్వమే వేలాదిమంది భర్తలను సముద్రం దాటించి ఉంచే కాలాన్ని వారు ఊహించలేదు. పైగా బ్రిటిష్ న్యాయస్థానాలు ఫిఖ్హ్ గ్రంథాల అనువాదాలను ముందుంచుకొని, ఖాజీకి ఉండిన విచక్షణ లేకుండా, అక్షరాన్ని మాత్రమే అమలు జరిపాయి.

1921 నుండి 1939 దాకా

ఈ సమస్య ఇరవయ్యవ శతాబ్దంలో మళ్లీ ముందుకు వచ్చింది. 1921 మలబారు తిరుగుబాటు తరువాత వేలాది మాపిళ్లలు శిక్షలు పడి బళ్లారి తదితర జైళ్లకు చేరారు. అనేకులను అండమాన్ పంపారు. ఈసారి ప్రభుత్వం వారి కుటుంబాలను కూడా ద్వీపానికి రప్పించే ఏర్పాటు చేసింది. దీని వెనుక కరుణ కంటే వలస స్థాపన ఆలోచనే ఎక్కువన్న విమర్శ ఆనాడే వచ్చింది. అయినా ఆ భార్యలు వెళ్లి, కొబ్బరితోటల నడుమ కొత్త ఊళ్లు కట్టుకొన్నారు. మంజేరి, వండూర్ వంటి మలబారు పేర్లు నేటికీ అండమాన్ గ్రామాలకు ఉన్నాయి. 1857 ఖైదీల ఇల్లాళ్లకు దొరకని అవకాశం వీరికి దొరికింది.

దేశంలో మరొక పక్క, భర్త హింసనుండీ, నిర్లక్ష్యంనుండీ బయటపడే మార్గం కానరాక, పంజాబు తదితర ప్రాంతాలలో కొందరు ముస్లిం స్త్రీలు మతం విడిచినట్లు ప్రకటించి వివాహాన్ని తెంచుకోసాగారు. ఈ పరిణామం ఉలమాలను కలవరపరచింది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ తన సహచరులతో కలిసి, మదీనాలోని మాలికీ ముఫ్తీల ఫత్వాలు తెప్పించి, ‘అల్‌హీలతున్ నాజిజా’ అన్న గ్రంథాన్ని సిద్ధంచేశారు. ఆచూకీ లేని భర్త, పోషించని భర్త వంటి సందర్భాలలో, అవసరాన్ని బట్టి హనఫీలు కూడా మాలికీ మార్గాన్ని అనుసరించవచ్చునని అందులో నిర్ణయించారు. జీవితమంతా హనఫీ ఫిఖ్హ్‌కు కట్టుబడిన పండితుడు, స్త్రీలకు జరుగుతున్న అన్యాయాన్ని చూసి మరొక ఇమాము తలుపు తట్టడం చిన్న విషయం కాదు.

ఆ కృషికి కొనసాగింపుగా 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. దాని రెండవ సెక్షన్‌ను 1857ను మనస్సులో ఉంచుకొని చదవాలి. నాలుగేళ్లుగా భర్త ఆచూకీ తెలియకపోతే, రెండేళ్లు అతడు పోషణ ఇవ్వకపోతే, ఏడేళ్లు లేదా అంతకుమించిన జైలుశిక్ష అతనికి పడితే, సరైన కారణం లేకుండా మూడేళ్లు దాంపత్యధర్మం నెరవేర్చకపోతే, భార్య న్యాయస్థానం ద్వారా వివాహాన్ని రద్దు చేయించుకోవచ్చు. నాలుగేళ్ల గడువులో హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ప్రతిధ్వనిస్తుంది. ఏడేళ్ల శిక్ష అన్న మాటలో ద్వీపాంతరం వెళ్లిన ఖైదీల భార్యల మౌనం ఆలస్యంగానైనా ఆలకించబడింది. అండమాన్ శిక్షాస్థావరం 1945లో మూతపడింది. ద్వీపాంతరమనే శిక్షను 1955 నాటి సవరణ మన శిక్షాస్మృతి నుండి తొలగించింది. 1939 చట్టం మాత్రం నేటికీ అమలులో ఉంది.

మళ్లీ ఎర్రగుంట్ల

చరిత్ర ఇంతవరకు తెలిపినదానిని గల్ఫ్ బతుకుకు యథాతథంగా అన్వయించలేము. కువైట్ వెళ్లిన మనిషి ఖైదీ కాడు. ఇంటికోసమే ఇల్లు విడిచినవాడు. నెలనెలా డబ్బు పంపుతూ, సెలవు దొరికినప్పుడు వస్తూ పోతూ, భార్య సమ్మతితో దూరాన ఉన్న భర్తదీ, అతనికోసం ఎదురుచూసే ఇల్లాలిదీ అల్లాహ్ వద్ద ప్రతిఫలం గల సహనమే. అటువంటి దాంపత్యాలు రాయలసీమలో వేలు ఉన్నాయి. వాటిని గౌరవించాలి.

కాని సహనం స్వచ్ఛందమైనప్పుడే సహనం. జీనత్ మహల్ అలహాబాదులో వెనుదిరగకపోవడాన్ని మనం మెచ్చుకొంటున్నామంటే, వెనుదిరిగే వీలు ఉండీ ఆమె ముందుకు నడిచినందువల్లనే. ఏ వీలూ లేని స్త్రీ నిరీక్షణను త్యాగమని పొగడితే అది ఆమెకు మరొక సంకెల. ఎర్రగుంట్లలోనో, ప్రొద్దుటూరులోనో ఒక ఇల్లాలు జమాఅత్ పెద్దల ముందుకు వచ్చి, మా ఆయన నాలుగేళ్లుగా ఉత్తరం రాయడు, పైస పంపడు అని చెప్పుకొన్నప్పుడు, ఆమెకు సబ్ర్ చేయమన్న ఒక్క మాట చెప్పి పంపడం హజ్రత్ ఉమర్ (రజి) మార్గం కాదు. అతని చిరునామా కనుగొనడం, అతనితో మాట్లాడించడం, పోషణ రప్పించడం, కుదరకపోతే ఖులా లేదా ఫస్ఖ్‌కు దారి చూపడం జమాఅత్ కర్తవ్యం. న్యాయస్థానం ఖర్చు భరించలేని స్త్రీకి ఆ ఖర్చును సమకూర్చడం కూడా పుణ్యకార్యమే. నికాహ్ సమయంలోనే ఈ షరతులను రాసుకోవడం, మహర్‌ను కాగితంపై కాక చేతికి ఇవ్వడం ఇంకా మేలు.

1857 వీరుల పేర్లు నేడు వీధులకూ, కూడళ్లకూ పెడుతున్నాము. అది అవసరమే. వారి వెనుక నిలిచిన స్త్రీల పట్ల మనకున్న ఋణం వేరొక రీతిలో తీరాలి. వారికి జరిగిన అన్యాయం నేటి మన ఇళ్లలో, మన మహల్లాలో, మన మౌనం వల్ల మళ్లీ జరగకుండా చూడడమే ఆ ఋణం తీర్చుకొనే మార్గం. వేలాడే స్థితిలో ఏ స్త్రీనీ విడవరాదన్న దైవాదేశం సముద్రానికి ఈవలి ఒడ్డున ఉన్నవారికి కూడా వర్తిస్తుంది.